మన ఊళ్లో బొంతల సంఘం: నలుగురితో మొదలుపెట్టి నలభై మందిదాకా నడిపించడానికి సమగ్ర మార్గదర్శి

పాత నూలు చీరలు ఇప్పటికీ ఇంటింటా అటకల మీద మూటలుగా ఉన్నాయి. వాటిని బొంతలుగా కుట్టగల చేతులే ఏటికేడు తగ్గిపోతున్నాయి. డెబ్బై దాటిన అమ్మమ్మలకు ఆ పని వచ్చు. వాళ్ల కూతుళ్లకు, కోడళ్లకు చిన్నప్పుడు చూసిన జ్ఞాపకం ఉంది. మనవరాళ్లకు అదీ లేదు. ఎవరో ఒకరు పట్టుదలగా నేర్చుకున్నా ఆ పని ఆ ఒక్కరి దగ్గరే ఆగిపోతుంది. పదిమంది కూర్చుని కుట్టే చోటు ఉంటేనే అది ఒక తరం నుంచి ఇంకో తరానికి అందుతుంది.

ఇలాంటి సంఘాలు కొత్తేమీ కాదు. బీహార్‌లోని ముజఫర్‌పూర్ జిల్లా భుసురా గ్రామంలో మహిళలు పాత చీరల పొరలను కలిపి కుట్టే సుజని కుట్టును మళ్లీ బతికించుకున్నారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్ది తెగ మహిళలు ‘కవంది’ అనే తమ ముక్కల బొంతల కోసం సహకార సంఘం పెట్టుకున్నారు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో 1966లో మొదలైన ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ నల్లజాతి మహిళల బొంతలను న్యూయార్క్ దాకా తీసుకువెళ్లింది. దాని గురించి అమ్మకాల దగ్గర మళ్లీ చెబుతాను.

ఊళ్లో సంఘం పెట్టాలనుకునేవారు సాధారణంగా పేరు, అధ్యక్షురాలు, బ్యాంకు ఖాతాలతో మొదలుపెడతారు. ఆ వరుస తప్పని నా గట్టి అభిప్రాయం. ముందు నేల మీద ఒక బొంత పరవాలి. అది పూర్తయ్యేదాకా సంఘానికి పేరు కూడా అక్కర్లేదు.

మొదట నలుగురు

నలుగురు చాలు, ఆరుగురైతే ఇంకా మంచిది. వారిలో కనీసం ఒకరు బొంత కుట్టడం నిజంగా తెలిసిన పెద్దావిడ అయి ఉండాలి. ఆమె ఎవరో తెలుసుకోవడానికి వీధిలో డాబాల మీద, దండేల మీద ఆరేసిన బొంతలు చూస్తే చాలు. “ఇది ఎవరు కుట్టారు పిన్నీ?” అని అడిగితే పేరు వస్తుంది. ఆమె ఇంటికి మీరే వెళ్లండి. “సంఘం పెడుతున్నాం, మీరు రావాలి” అంటే చాలామంది పెద్దవాళ్లు వెనకడుగు వేస్తారు. “పెద్దమ్మా, నా చీరలు కొన్ని ఉన్నాయి, బొంత వేయడం నేర్పిస్తారా?” అంటే కాదనరు. ఆమె చూపు మందగించి సూదిలో దారం ఎక్కించలేకపోతే, ఆ పనికి ఒక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టండి. ఆ అమ్మాయే మీ సంఘంలో మొదటి శిష్యురాలు అవుతుంది.

రెండో వ్యక్తిగా ఊళ్లోని దర్జీని గానీ, బ్లౌజులు కుట్టే అమ్మాయిని గానీ కలుపుకోండి. కత్తిరింపులు, కొలతలు వారికి బాగా తెలుసు, ముక్కగుడ్డలు కూడా వారి దగ్గరే దొరుకుతాయి. మగవారు వస్తామంటే రానివ్వండి. దర్జీ పనిలో తరతరాలుగా ఉన్నది వాళ్లే కదా.

చోటు, వేళ

బొంతకు కావలసింది నేల. కనీసం పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న చదునైన గచ్చు, పక్క నుంచి పడే పగటి వెలుతురు ఉండాలి. ఇంటి వసారా, గుడి మండపం, బడి వరండా, అపార్ట్‌మెంట్‌లో అయితే సెల్లార్ పక్కన ఉండే సమావేశపు గది, ఏదైనా సరిపోతుంది. ఫ్యాను కింద పరిచేటట్లయితే తేలికపాటి పైగుడ్డ లేచిపోకుండా బరువులు దగ్గర ఉంచుకోండి.

వారానికి ఒక రోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు గంటలు. వారం, వేళ ఒకసారి పెట్టాక మార్చకండి. ఇద్దరే వచ్చినా ఆ రోజు బొంత పరవాల్సిందే. “ఈ వారం ఉందా లేదా” అని ఫోనులో అడగాల్సిన పరిస్థితి వస్తే సంఘం సగం చెదిరినట్టే. పల్లెల్లో నాట్ల సమయంలో, కోతల సమయంలో ఎవరూ రాలేరు కాబట్టి ఆ వారాలను ముందే సెలవుగా ప్రకటించండి. పంటలు ఇంటికి చేరాక, వానలు మొదలయ్యేలోపు వచ్చే ఎండాకాలమే బొంతలకు అసలైన కాలం. ఉతికినవి గంటలో ఆరిపోతాయి, పిల్లలకు బడి ఉండదు, చేతులు ఖాళీగా ఉంటాయి.

మొదటి ఉమ్మడి బొంత

ఈ భాగాన్ని తీరిగ్గా చదవండి. సంఘం నిలబడుతుందా లేదా అనేది నూటికి తొంభై పాళ్లు ఇక్కడే తేలుతుంది.

ఒక్కొక్కరు ఒక పాత నూలు చీర తేవాలి. పాలిస్టర్, జార్జెట్ వద్దు. అవి జారుతాయి, చెమట పీల్చవు, నూలు గుడ్డతో కలిపి కుడితే ఉతికాక నూలు ముడుచుకుని అవి ముడుచుకోక బొంత ఉబ్బెత్తుగా తయారవుతుంది. జరీ అంచు ఉంటే విప్పేయండి, సూదికి అడ్డం పడుతుంది. లుంగీలు, పంచెలు, మెత్తబడిన దుప్పట్లు లోపలి పొరలకు శ్రేష్ఠం. చీరను వెలుతురుకు పట్టి చూడండి. చూపు అవతలికి పోయేంత పలచబడిన చోట్లు ఉంటే అది లోపలి పొరకే పనికొస్తుంది, పైకి కాదు.

తర్వాత గంజి వదిలేలా నానబెట్టి ఉతకాలి. గంజి గుడ్డలో సూది దిగదు, నాలుగు వరసలు కుట్టేసరికి వేళ్లు నొప్పి పుడతాయి. ముదురు ఎరుపు, నీలం, నలుపు చీరలను విడిగా పరీక్షించండి. తడి తెల్లగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్దితే రంగు అంటుకుందంటే ఆ చీర తెల్లవాటితో కలవకూడదు. ఉమ్మడి బొంతలో ఒకరి చీర రంగు దిగి అందరి పనీ పాడైతే ఆ చిన్నబుచ్చుకోవడం చాలా కాలం ఉంటుంది. ఈ పరీక్షకు పట్టేది రెండు నిమిషాలే.

మామూలు చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది, పన్నా దాదాపు 45 అంగుళాలు. మధ్యకు మడిస్తే రెండు పొరలు, ఒక్కో పొర తొమ్మిదడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు. ఒకరు పడుకునే బొంతకు ఇది సరైన కొలత. ఇద్దరి మంచానికైతే చీరను రెండు ముక్కలు చేసి, పొడుగు అంచులను జోడించి కుట్టాలి. కిందికొక చీర, పైకొక చీర, మధ్యలో మూడు పొరల పాత గుడ్డ. మన వాతావరణానికి ఇది చాలు. పొరలు ఇంకా పెంచితే బరువు పెరుగుతుంది, ఉతకడం కష్టం, కుట్టేవారి మణికట్టుకూ శ్రమ.

ఇక పరవడం. కింది చీరను తడి చేత్తో తడుముతూ, ఒక్క ముడతా లేకుండా పరిచి నాలుగు మూలలా ఇటుకలు పెట్టండి. సన్నికల్లు, పొత్రం ఉంటే ఇంకా మంచివి. లోపలి పొరలను మధ్య నుంచి అంచులకు తోస్తూ సర్దండి. లోపలి ముక్కల అంచులు ఒకే చోట ఒకదాని మీద ఒకటి రాకుండా చూడాలి, లేకపోతే అక్కడ గట్టు కట్టి పడుకున్నప్పుడు ఒత్తుతుంది. పైచీర పరిచాక నాలుగు అంచులనూ లోపలికి మడవండి.

ఇప్పుడు తాత్కాలికంగా పెద్ద పెద్ద టాకాలు వేయాలి. కొత్తవారు ఈ పని వదిలేసి నేరుగా అంచుల నుంచి కుట్టడం మొదలుపెడతారు. నలుగురు నాలుగు వైపుల నుంచి కుట్టుకుంటూ మధ్యకు వచ్చేసరికి గుడ్డంతా అక్కడ కుప్పగా పోగవుతుంది, విప్పడం తప్ప దారి ఉండదు. నడిమధ్య నుంచి నాలుగు మూలలకు, మళ్లీ నాలుగు అంచుల మధ్యలకు, జానెడు దూరాన ఒక టాకా చొప్పున ముందు పట్టి ఉంచండి. చివర్లో ఆ దారం లాగేయవచ్చు. సిద్ది మహిళలు అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి చుట్టూ తిరుగుతూ కుడతారు. అయితే వాళ్లు పైముక్కలను ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ వెళతారు కాబట్టి గుడ్డ పోగవదు. ఆ పద్ధతి చాలా అందంగా ఉంటుంది, రెండో ఏడాది ప్రయత్నించండి.

దారం లావుపాటి నూలుదే కావాలి. మిషను దారం ఒంటిపోగు అయితే ఏడాదిలో తెగుతుంది. మూరకు మించి దారం తీయకండి, చిక్కుపడుతుంది. అసలు కుట్టు సాదా ముందుకుట్టు. ఒక్కో కుట్టు బియ్యపు గింజంత, వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్ల ఎడం. సూదిని నిలువుగా దించి, కింద ఎడమ చేతి వేలికి మొన తగిలాకే పైకి తిప్పాలి. అప్పుడే అన్ని పొరలూ పట్టుబడతాయి. పైపైన ఏరుకుంటూ వెళితే చూడటానికి కుట్టులా ఉంటుంది కానీ ఉతికినప్పుడు కింది చీర వేలాడుతుంది. సూది నెట్టే వేలికి లోహపు తొడుగు తప్పనిసరి.

నలుగురు కుడితే నాలుగు రకాల చేతులు కనబడతాయి. ఇది దాచాల్సిన లోపం కాదు. అయినా తేడా మరీ ఎక్కువైతే బొంత ఒకవైపు బిగుసుకుపోతుంది. అందుకని పెద్దావిడ చేత ఒక జానెడు గుడ్డ మీద మూడు వరసలు కుట్టించి, ఆ ముక్కను అందరి చేతుల్లోనూ తిప్పండి. ప్రతివారూ దాని పక్కనే ఒక వరస వేసి చూసుకున్నాకే బొంత మీద చెయ్యి వేయాలి. ఒకరి కుట్టును వారు లేనప్పుడు ఇంకొకరు విప్పకూడదు. ఈ ఒక్క నియమాన్ని మొదటి రోజే పైకి చెప్పండి. సంఘాలు డబ్బు దగ్గరకంటే ముందు ఇలాంటి చోటే విరుగుతాయి.

మొదటి బొంత ఎవరికి? సభ్యుల్లో ఎవరికీ కాదు. ఊళ్లో కొత్తగా పుట్టిన బిడ్డకో, ఒంటరిగా ఉండే ముసలాయనకో, వసతిగృహంలో చదివే పిల్లలకో ఇవ్వండి. వంతుల తగాదా పుట్టదు, ఊరికి సంఘం సంగతి తెలుస్తుంది, తర్వాతి వారం నలుగురు కొత్తవాళ్లు వచ్చి కూర్చుంటారు.

కట్టుబాట్లు, పద్దులు

రెండో బొంత పరిచేనాటికి మూడు పుస్తకాలు ఉండాలి. హాజరు పట్టిక, జమాఖర్చులు, తీర్మానాలు. నెల చందా చిన్నదిగా, అందరికీ ఒకటేగా పెట్టండి. దారం, సూదులు, టీ ఖర్చు గడిస్తే చాలు. చందా కట్టలేనివారు రెండు పాత చీరలు ఇచ్చినా సరే అని రాసుకోండి.

పొదుపు, అప్పులు ఈ సంఘంలోకి తేకండి. మన మహిళల్లో ఎక్కువమంది ఇప్పటికే డ్వాక్రా సంఘాల్లో ఉన్నారు. పొదుపు, అంతర్గత అప్పులు, వాయిదాలు అక్కడ చక్కగా నడుస్తున్నాయి. అదే మళ్లీ ఇక్కడ పెడితే సమావేశం మొత్తం వాయిదాల లెక్కలకే సరిపోతుంది, బొంత చుట్టచుట్టి మూలన పడుతుంది. డ్వాక్రా సమావేశం ముగిశాక అదే చోట బొంత పరచడం మాత్రం మంచి ఆలోచన, పద్దులు మాత్రం వేరుగా ఉంచాలి.

గుడ్డల నిల్వకు ఒకరిని పెట్టండి. నూలు, సగం నూలు, లోపలి పొరలకు, పైముక్కలకు అని నాలుగు మూటలు. ఎండు వేపాకు వేయండి. వర్షాకాలంలో నెలకోసారి ఎండకు తీయండి.

పాతికమంది దాటాక

ఒక బొంత చుట్టూ ఎనిమిది మంది కూర్చోగలరు, అంతకు మించితే మోచేతులు తగులుతాయి. పన్నెండు మంది అయ్యారంటే రెండో బొంత పరవండి. పాతిక దాటితే రెండు జట్లు చేసి, ఉద్యోగాలు చేసేవారికి ఆదివారం ఉదయం వేరే వేళ పెట్టండి. ప్రతి జట్టులోనూ పాతవారూ కొత్తవారూ కలిసి ఉండాలి. బాగా కుట్టేవారందరూ ఒక వైపు చేరితే రెండో జట్టు ఆరు నెలల్లో కరిగిపోతుంది.

అమెరికా, కెనడా ఊళ్లలో ఉండే బొంతల సంఘాల నుంచి రెండు అలవాట్లు తెచ్చుకోదగ్గవి. మొదటిది, సమావేశం మొదట్లోనే ప్రతివారూ తాము ఇంట్లో కుట్టింది లేచి చూపించడం. సగం అయినా, బాగా రాకపోయినా చూపిస్తారు. బిడియపడేవారి నోరు విప్పించడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు కనబడలేదు. రెండోది మన చీటీల వంటిదే. ప్రతి సభ్యురాలు నెలకు ఒక చదరపు ముక్క కుట్టి తెస్తుంది, చీటీ తీస్తారు, పేరు వచ్చినావిడకు ఆ నెల ముక్కలన్నీ. గుడ్డను 13 అంగుళాలకు కత్తిరిస్తే నాలుగు వైపులా అర అంగుళం కుట్టులోకి పోయి 12 అంగుళాలు మిగులుతుంది. ఇరవై మంది తెస్తే నాలుగడుగులు ఇంటూ అయిదడుగుల పిల్లల బొంత పైభాగం తయారు. ముప్పై మందైతే అయిదు ఇంటూ ఆరు. రంగులు రెండే పెట్టండి, ఈ నెల ఎరుపు, పసుపు అని. ఎవరి ముక్క ఎలా ఉన్నా అన్నీ కలిసిపోతాయి.

విదేశాల్లో ఉన్న తెలుగువారు మొదట అక్కడి స్థానిక సంఘంలో చేరి ఒక ఏడాది గడపడం మేలు. లైబ్రరీల్లో, చర్చి హాళ్లలో ఆ సమావేశాలు జరుగుతుంటాయి, కొత్తవారిని ఆదరంగా చూస్తారు. మీరు తీసుకెళ్లే మంగళగిరి, వెంకటగిరి చీరల బొంతకు అక్కడ మంచి ఆదరణ ఉంటుంది.

పెద్దవాళ్లు కుట్టిన పాత బొంతల వివరాలు కూడా రాసి పెట్టండి. ముందు వెనక ఫొటో, పొడవు వెడల్పు, ఎన్ని పొరలు, ఎవరి చీరలు, ఎవరు కుట్టారు, ఏ ఊరు. ఇంటి పేర్లు, పుట్టింటి ఊళ్లు అడగండి. కుట్టు పద్ధతి పుట్టింటి నుంచే వస్తుంది కదా.

నమోదు చేయాలా?

తొందర వద్దు. ఏడాది పాటు వారం తప్పకుండా నడిచాక ఆలోచించండి. కళ, నేర్పడం, ప్రదర్శనలే లక్ష్యమైతే 2001 సంఘాల నమోదు చట్టం కింద సొసైటీగా నమోదు చేసుకోవచ్చు. ఏడుగురు ఉంటే చాలు. నిబంధనావళి, కమిటీ జాబితా, చిరునామా ఆధారం, గుర్తింపు పత్రాలు కావాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కమిటీ వివరాలు దాఖలు చేయాలి. ఒక్కటి గుర్తుంచుకోండి, సొసైటీ లాభాన్ని సభ్యులు పంచుకోకూడదు.

అమ్మి, వచ్చినది పంచుకోవడమే ఉద్దేశమైతే 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, అంటే మాక్స్ చట్టం సరైన దారి. దీనికి వేర్వేరు కుటుంబాలకు చెందిన కనీసం పదిమంది కావాలి. ఏ దారి పట్టినా బ్యాంకు ఖాతా సంఘం పేరునే తెరవండి, చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాలని తీర్మానం రాసుకోండి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివారు కాకూడదు.

అమ్మకం

అలబామా కథ ఇక్కడ పనికొస్తుంది. ఫ్రాన్సిస్ వాల్టర్ అనే మతగురువు విల్‌కాక్స్ కౌంటీలో దండెం మీద ఆరేసిన బొంతలు చూసి, ఒక్కోటి 10 డాలర్లకు కొని న్యూయార్క్‌లో వేలం వేయించారు. ఓటు హక్కు కోసం నిలబడినందుకు ఉపాధి, ఇళ్లు పోగొట్టుకున్న కుటుంబాలు ఆ ప్రాంతంలో ఉన్నాయి. అలాంటి చోట మహిళలు సహకార సంఘంగా ఏర్పడ్డారు, ఎస్టెల్ విదర్‌స్పూన్ ఏళ్ల తరబడి దాన్ని నడిపారు. పెద్ద దుకాణాల నుంచి ఆర్డర్లు వచ్చాయి. కానీ ఆ దుకాణాలకు ప్రతి బొంతా ఒకేలా, ఒకే కొలతలో, చెప్పిన నమూనాలోనే కావాలి. సొంత మనసుతో ముక్కలు పేర్చే చేతులకు ఆ పనిలో చోటు లేకపోయింది. 1972లో సియర్స్ కంపెనీ కార్డురాయ్ (గీతలున్న మందపాటి గుడ్డ) దిండు గలీబుల ఆర్డరు ఇచ్చింది. ఆ పనిలో మిగిలిన ముక్కలను మహిళలు ఇళ్లకు తీసుకెళ్లి తమకు నచ్చినట్టు బొంతలు వేసుకున్నారు. 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో, అదే విల్‌కాక్స్ కౌంటీలోని గీస్ బెండ్ ఊరి మహిళల బొంతల ప్రదర్శనను జనం విరగబడి చూశారు. అక్కడ గోడకెక్కినవి ఇళ్ల కోసం ఇష్టంగా కుట్టుకున్న బొంతలే. సహకార సంఘం మాత్రం 2012లో మూతపడింది.

కాబట్టి సంఘం సమయంలో సగాన్ని అమ్మకానికి సంబంధం లేని కుట్టుకే ఉంచండి. “ఇదే నమూనాలో యాభై కావాలి” అనే ఆర్డరు వస్తే ముందు అందరూ కూర్చుని మాట్లాడుకోండి. ఒప్పుకోక తప్పదనే భయం వద్దు.

ధర లెక్క కాగితం మీద వేయాలి. ఒక బొంతకు యాభై గంటలు పట్టిందనుకుందాం. గంటకు 60 రూపాయలు అనుకుంటే కూలి 3,000. దారం, గుడ్డ 300. ఉతుకు, రవాణా 150. మొత్తం 3,450. సంఘానికి పదోవంతు కలిపితే 3,795. “పాత చీరలే కదా, అయిదు వందలకు ఇవ్వండి” అనేవారు తప్పకుండా ఉంటారు. వారితో వాదించకండి, గంటల లెక్క రాసిన చీటీని బొంతకే కట్టి ఉంచండి. ఆ ధరకు ఇవ్వడం కంటే ఊరికే ఇవ్వడం నయం, అప్పుడు కనీసం పని విలువ పడిపోదు. చిన్నవి కూడా కుట్టండి. పసిపిల్లల పక్కబొంతలు, సంచులు, కూర్చునే ఆసనాలు త్వరగా అమ్ముడవుతాయి, వాటి డబ్బుతో పెద్దవాటికి ఓపిక పట్టవచ్చు.

ఎక్కడ అమ్మాలి అంటే మొదట సంక్రాంతికి మీ ఊళ్లోనే, సెలవులకు వచ్చినవారి ముందు. తర్వాత స్వయం సహాయక సంఘాలు తమ వస్తువులు అమ్ముకునే, జిల్లా కేంద్రంలో జరిగే సరస్ మేళాలు, హైదరాబాద్ శిల్పారామం. కేంద్ర హస్తకళల విభాగం ఇచ్చే కళాకారుల గుర్తింపు కార్డుకు సభ్యులు విడివిడిగా దరఖాస్తు చేసుకుంటే మేళాల్లో చోటు అడగడానికి ఆధారం ఉంటుంది. ప్రదర్శనలో బొంతలను మడిచి పెట్టకండి, దండెం కట్టి వేలాడదీయండి. పక్కనే ఒక బొంత నేల మీద పరిచి ఇద్దరు కుడుతూ కూర్చోండి. బేరం ఆడదామని వచ్చినవారు ఆ సూది దిగడం చూశాక మాట మార్చుకుంటారు.

పెత్తనం మారాలి

మొదలుపెట్టిన మనిషే పదేళ్లు తాళాలు దగ్గర ఉంచుకుంటే, ఆమె కూతురి కాన్పుకు వెళ్లిన రోజు సంఘం ఆగిపోతుంది. రెండేళ్లకోసారి బాధ్యులు మారాలని నిబంధనావళిలో రాయండి. మారే ముందు మూడు నెలలు పాతవారు, కొత్తవారు జంటగా పనిచేయాలి. పద్దులు అప్పగించే రోజున గుడ్డల మూటలు విప్పి, సూదుల డబ్బా తెరిచి, నగదు లెక్కపెట్టి, తీర్మానాల పుస్తకంలో ఇద్దరూ సంతకాలు పెట్టాలి. తాళాలు రెండు జతలు చేయించి రెండు ఇళ్లలో ఉంచండి. దిగిపోయినావిడను ఆ సాయంత్రమే మామూలుగా బొంత దగ్గర కూర్చోబెట్టి, కొత్తగా చేరిన అమ్మాయికి వరస పట్టడం నేర్పే పని అప్పగించండి.